వాటాబండి

మా వాటాబండిలో నొప్పి మోసేవాళ్ళకి ఎనిమిది సీట్లున్నాయి. ఆ ఉదయం రాజోలులో ఎక్కడానికి తయారై నిలబడ్డవాళ్ళు పాతిక మంది పైనే ఉంటారు. అందరి చేతుల్లోనూ సంచులు, దుప్పట్లు, క్యారేజీలు. ఒకాయనైతే ఏకంగా బిందెతో మంచినీళ్ళు తెచ్చుకున్నాడు. దారిలో నీళ్ళు దొరకవని ఆయనకి ఎవరు చెప్పారో నాకు తెలియదు.

"ఎనిమిది మందే ఎక్కాలండి!" అన్నాను గొంతు పెంచి.

"అలాగేనండి," అన్నారు అందరూ ఎంతో మర్యాదగా. ఒక్కరూ అక్కణ్ణించి కదల్లేదు.

నా పేరు యామిని. హైదరాబాదులో, హబ్సిగూడలో ఒక చిన్న ప్రయోగశాలలో నరాల మీద పనిచేస్తాను. జనాన్ని చూస్తే నాకు సహజంగా చిరాకు. నలుగురు ఒకేసారి మాట్లాడితే తలనొప్పి వస్తుంది. అలాంటిదాన్ని ఆ పాతిక మంది మధ్యలో నిలబడి, వాళ్ళు వచ్చినందుకు లోలోపల పొంగిపోతున్నాను. దానికి కారణం ముందు చెప్పాలి.

రెండేళ్ళ క్రితం మా ప్రయోగశాలలో నా తోటి శాస్త్రవేత్త ఫణీంద్ర ఐసుముక్కల బకెట్లో చెయ్యి పెట్టాడు. వాడి మణికట్టుకి పసుపు పట్టీ, నా మణికట్టుకి ఆకుపచ్చ పట్టీ. వాడు "అమ్మో" అని మూలుగుతుండగా నేను మీట నొక్కాను. మరుక్షణం నా పొడి చెయ్యి జివ్వున లాగింది. వాడు మూలగడం ఆపి, "సగం తగ్గిందే!" అని అరిచాడు. నొప్పి నా చేతిలోకి కాపీ అవ్వలేదు. సగం నాకు వచ్చి, సగం వాడి దగ్గరే ఉండిపోయింది. మా అకౌంట్స్ మేడమ్‌ని బతిమాలి ఆవిడకీ ఓ పట్టీ కడితే ముగ్గురికీ మూడో వంతు చొప్పున పడింది. ఆ సంబరంలో ఫణి చెయ్యి బయటికి తియ్యడం మర్చిపోయాడు. వేళ్ళు నీలంగా మారి వారం రోజులు కట్టు కట్టుకుని తిరిగాడు. నొప్పి పంచుకోగలం గాని దెబ్బని పంచుకోలేమని అలా తెలిసింది.

దానితో ఏం చెయ్యాలో కూడా వెంటనే తోచింది. మన దగ్గర జబ్బు ఒక ఊళ్ళో, వైద్యం ఇంకో ఊళ్ళో. విరిగిన ఎముకలతో, కోసిన కడుపులతో మనుషులు వందల మైళ్ళు ఆంబులెన్సుల్లో పడుతూ లేస్తూ వస్తారు. ఆ కుదుపుల నొప్పి పంచుకునే బండి ఒకటి ఉంటే చాలనుకున్నాం. మెత్తటి పరుపు, స్ప్రింగుల మంచం, చుట్టూ సీట్లు, అందరికీ పట్టీలు. బండి అద్భుతంగా తయారైంది.

మోసేవాళ్ళే దొరకలేదు. నగరంలో రోగి వెంట ఒక్కరు వస్తారు, మహా అయితే ఇద్దరు. మొదటి ప్రయాణంలో ఒక కొడుకు తండ్రి తుంటి నొప్పిలో సగం భరించబోయి, ఫ్లైఓవరు ఎక్కకముందే "ఆపండి బాబూ" అని ఏడ్చేశాడు. చెడ్డవాడేం కాదు, పాపం. సగం అంటే మాటలా? మాకు డబ్బు పెడతానన్న పెద్దమనిషి ఒకాయన కూలికి మనుషుల్ని పెట్టి మోయిద్దామన్నాడు. లేనివాడి ఒంట్లోకి ఉన్నవాడి నొప్పి ఎక్కించే బండి మేము చెయ్యమని లేచి వచ్చేశాం. బండి మీద గుడ్డ కప్పేసి, ఎవరి పని వాళ్ళం చూసుకున్నాం.

అప్పుడు ఫణి భార్య వాళ్ళ పెద్దమ్మ పడిపోయింది. పేరు మంగతాయారు, ఊరు రాజోలు. పెరట్లో కొబ్బరికాయలు ఎత్తి పోస్తూ వెనక్కి జారి, వెన్నుపూస ఒకటి నలగ్గొట్టుకుంది. అసలే గుండె బలహీనం. ఆ వెన్నుకీ ఆ గుండెకీ ఒకేసారి సమాధానం చెప్పగల సర్జన్ హైదరాబాదులోనే ఉంది. దారిలో మత్తు ఇస్తే గుండె ఆగొచ్చు, ఇస్తే గిస్తే థియేటర్లో గుండె డాక్టరు పక్కన ఉండగానే ఇవ్వాలి. విమానం పనికిరాదు. మామూలు ఆంబులెన్సులో బయల్దేరదీస్తే చించినాడ వంతెన మీద, ఒక్కో అతుకు దగ్గరా ఎగిరి పడి, నొప్పికి రక్తపోటు పెరిగి స్పృహ తప్పింది. బండి వెనక్కి తిప్పేశారు. "రక్తపోటు అదుపులో ఉండగా నా దగ్గరికి చేరిస్తేనే చేస్తాను. లేకపోతే బల్ల మీదే పోతుంది," అంది సర్జన్. ఆపరేషన్ లేకపోతే ఆవిడ మంచం దిగదు. మంచం మీదే ఆ గుండె ఎన్నాళ్ళో ఆగదని అక్కడి డాక్టరు చెప్పేశాడు.

ఫణి గదిలోకి వచ్చి, "యామినీ, మనం ఇన్నాళ్ళూ రోగుల్ని వెతికాం. వెతకాల్సింది చుట్టాల్ని," అన్నాడు. "మా అత్తారి వైపు ఒకళ్ళకి ఒంట్లో బాగుండకపోతే వీధి వీధంతా ఆసుపత్రికి బయల్దేరుతుంది. వాళ్ళని ఆపడానికి ఆసుపత్రుల వాళ్ళు గేట్లు కట్టుకుంటారు."

అదీ నేను రాజోలులో నిలబడ్డ కారణం.

ఎనిమిది మందిని ఏరడం మాత్రం తేలిక కాలేదు. మంగతాయారు గారి కూతురు సుభాషిణి అందరికంటే ముందు ఎక్కి కూర్చుంది. ఆ వెనకే మంగతాయారు గారి ఆడపడుచు వీరలక్ష్మి గారు. మనిషి భారీ, గొంతు అంతకంటే భారీ.

"నాకు రెండు పట్టీలు కట్టెయ్యండి డాక్టరమ్మా. మా వదిన నొప్పి మొయ్యడానికి నేనొక్కదాన్నే చాలు. జారి పడితేనే ఇంత రాద్ధాంతం చేత్తంది, ఎప్పుడింత సుకుమారం అయిపోయిందో," అంది వదిన వైపు ఓరగా చూస్తూ.

"నీ నోరు మోసినదాన్ని, నాకిదో లెక్కా," అంది మంగతాయారు గారు స్ట్రెచరు మీంచి, పెదవులు కదిలీ కదలకుండా.

మిగిలినవాళ్ళు మేనల్లుళ్ళు, తోటికోడలు, పక్కింటివాళ్ళు. భర్త అబ్బులు గారికి డెబ్బై దాటింది కనుక నేను పట్టీ కట్టనన్నాను. ఆయన కర్ర ఊతంతో ఎక్కి భార్య తల దగ్గర కూర్చున్నాడు. ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకుని, "అబ్బబ్బబ్బా" అన్నాడు. ఎవరూ పట్టించుకోలేదు. ఆ మోకాలి గోల వినీ వినీ ఆ ఇంట్లో వాళ్ళ చెవులు మూసుకుపోయాయని సుభాషిణి నాతో చెప్పింది.

సీటు దొరకనివాళ్ళు వెనకాల ఒక బొలెరోలో, ఒక మినీ వ్యానులో ఎక్కారు. బండి ఎక్కొద్దన్నాను గాని వెనకాల రావద్దని అనలేదు కదా అని వాళ్ళ వాదం.

నేను మంగతాయారు గారి చేతికి పసుపు పట్టీ కట్టాను. నొప్పి పంపేదీ, రక్తపోటు కొలిచేదీ ఆ పట్టీయే. అందరికీ ఆకుపచ్చవి కట్టాక ఆవిడ నన్ను దగ్గరికి పిలిచింది.

"అమ్మాయ్, ఆ పరదా ఓసారి వెయ్యవా. చీర సర్దుకోవాలి. ఇంతమంది మగాళ్ళున్నారు."

పరదా వేశాను. లోపల భార్యాభర్తలిద్దరూ ఏదో గుసగుసలాడారు. కాసేపాగి, "పరదా అలాగే ఉంచు తల్లీ, వెలుతురు కళ్ళలో పడతంది," అంది. సరేనన్నాను. నాకు కావలసింది కంప్యూటరు తెర మీది గీతలే కదా.

బండి కదిలింది. మీట నొక్కాను. ఎనిమిది మందీ పళ్ళు బిగించి, సీటు చేతులు పట్టుకుని కూర్చున్నారు. చించినాడ వంతెన ఎక్కాం. మొదటి అతుకు దగ్గర బండి ఎగిరింది. అందరూ కళ్ళు మూసుకున్నారు.

"ఇంతేనా?" అంది వీరలక్ష్మి గారు ఒక కన్ను తెరిచి.

ఇంకో అతుకు. ఇంకోటి. కింద గోదావరి ఎండలో మెరుస్తోంది. మా బండిలో ఒక్కొక్కరి మొహమూ విచ్చుకుంటోంది. "ఏదో కుడి మోకాల్లో కాస్త సలుపుతందండి, అంతే," అన్నాడు ఒక మేనల్లుడు. "నాకూ మోకాలే," అన్నారు మిగతావాళ్ళు.

"నడుం నొప్పి మోకాల్లోకి దిగుద్దేటి?" అంది వీరలక్ష్మి గారు.

వెన్నులో నరం నలిగితే నొప్పి కాలి దారిన ఎలా దిగుతుందో, మెదడు దాన్ని ఎలా పొరబడుతుందో నేను గాలిలో బొమ్మ గీసి మరీ చెప్పాను. అందరూ ఎంతో గౌరవంగా విన్నారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు నవ్వాగదు.

ప్రయోగశాల నుంచి ఫణి ఫోను. తెర మీది అంకెలు వాడికీ కనిపిస్తున్నాయి. "యామినీ, రక్తపోటు చూశావా? బండరాయిలా ఉంది మనిషి! వంతెన మీద కూడా కదల్లేదు. గెలిచేశాం!" అరుస్తున్నాడు. వెనకాల ఎవరో చప్పట్లు కొడుతున్నారు. లడ్డూలు తెమ్మని ఎవరినో పంపుతున్నాడు.

ఇక్కడ పులిహోర క్యారేజీ మూత లేచింది. పాలకొల్లు దాటేసరికి బండి పెళ్ళిబండి అయిపోయింది. ఇంత మాత్రానికి నాలుగు రోజుల్నించీ ఇంటిల్లిపాదినీ హడలగొట్టిందని వీరలక్ష్మి గారు వదిన మీద ఓ పాట కట్టి పాడింది. పరదా లోపల్నుంచి ఏ జవాబూ రాలేదు. నిద్రపోయి ఉంటుందనుకుని అందరూ నోటి మీద వేలేసుకుని మరీ నవ్వుకున్నారు. నేను రెండోసారి పులిహోర పెట్టించుకున్నాను.

తాడేపల్లిగూడెం దగ్గర టీకి ఆపాం. ఎనిమిది మందీ కుడికాలు కుంటుతూ దిగారు. బొలెరో వాళ్ళు అది చూసి పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. అప్పుడే మా ముందు నుంచి ఒకాయన చేతులూపుకుంటూ చకచకా టీ కొట్టు వైపు నడిచి వెళ్ళాడు. పంచె ఎగ్గట్టి మురుగ్గుంట ఒకటి లాఘవంగా దాటాడు కూడా.

ఆయన అబ్బులు గారు. కర్ర బండిలోనే ఉంది.

నా నవ్వు ఆగిపోయింది. పరుగున ఆయన దగ్గరికి వెళ్ళాను. "మీ మోకాలు ఎలా ఉందండీ?"

"దివ్యంగా ఉందమ్మా! పన్నెండేళ్ళయ్యింది ఇలా నడిచి. అంతా మీరు కట్టించిన బీపీ పట్టీ మహిమ." ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. మణికట్టుకి పసుపు పట్టీ. "నాక్కూడా కట్టమన్నారంట కదా, పరదాలో మా మంగ చెప్పింది."

ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. పరదా లాగేశాను. మంగతాయారు గారు మేలుకునే ఉంది. ఒళ్ళంతా చెమట. చీర చెంగు పళ్ళ మధ్య కుక్కుకుని ఉంది. నన్ను చూసి చెంగు తీసి, తప్పు చేసిన పిల్లలా నవ్వబోయింది. ఆ వంతెన అతుకులన్నీ, రోడ్డు గుంతలన్నీ ఈవిడ ఒక్కతే భరించింది. మేము బయట కూర్చుని పాటలు పాడుకున్నాం.

మామూలు పరికరంతో రక్తపోటు చూశాను. సర్జన్ ఒప్పుకునే అంకె కాదు.

ఫణికి ఫోను చేశాను. నోట్లో లడ్డూ పెట్టుకుని మాట్లాడుతున్నాడు. "ఫణీ, పొద్దున్నించీ మనం కొలుస్తున్నది అబ్బులు గారి మోకాలు," అన్నాను.

సంగతి తెలిసి అందరూ మంచం చుట్టూ మూగారు. సుభాషిణి తల్లి చెయ్యి పట్టుకుని ఏడుస్తోంది. "ఎందుకమ్మా ఇలా చేశావు?"

"ఏం చెయ్యమంటావే? నా నొప్పి తీసుకెళ్ళి నీ నడుం మీద పెట్టమంటావా? అలాంటి తల్లుంటుందా లోకంలో?" అంది మంగతాయారు గారు. ఆయాసపడుతూనే భర్తని చూసి కళ్ళు చిట్లించింది. "ఆయన మోకాలంటే వేరు. ఎప్పుడూ ఎవరూ నమ్మరు కదా, ఓసారి అందరికీ తెలుత్తుందని కట్టాను."

నేను కూర్చుని శాంతంగా చెప్పాను. ఈ రక్తపోటుతో వెళితే ఆపరేషన్ చెయ్యరని, వెనక్కి వెళ్ళినా ఆ దారి కూడా గుండె తట్టుకోలేదని, పట్టీ తప్ప దారి లేదని. అన్నీ విని, "నువ్వు మంచిదానివమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. పోతే పోతాను గాని పిల్లల్ని పెట్టను," అని తల అటు తిప్పేసుకుంది. సుభాషిణి బతిమాలింది, తిట్టింది. ఆవిడ పిడికిలి బిగించి చేతిని దుప్పట్లో దాచుకుంది. బలవంతంగా కడితే మళ్ళీ ఊడదీస్తుందని అందరికీ తెలుసు.

నాకు భయమేసింది. ఇన్నేళ్ళ పనీ ఏమైనా కానీ, ఈవిడ నా కళ్ళ ముందు పోతుందేమోనన్న భయం.

అప్పుడు వీరలక్ష్మి గారు అందర్నీ మోచేతులతో పక్కకి నెట్టి మంచం మీదికి వంగింది. పొద్దున్నించీ మోగిన గొంతు ఇప్పుడు బాగా తగ్గిపోయింది.

"ఏమొదినా. మా ఆయన పోయినప్పుడు ఆర్నెల్లు నన్ను నీ పక్కలో పడుకోబెట్టుకున్నావు. నా ఏడుపంతా నీ ఒళ్ళో పోసుకున్నావు. అప్పుడు వద్దన్నానా నేను? సిగ్గుపడ్డానా?" ఆవిడ ముక్కు చీదుకుంది. "పుట్టింటి పొలంలో వాటా అడిగానా నిన్ను? బంగారంలో అడిగానా? ఇన్నేళ్ళకి నోరు తెరిచి ఒకే ఒక్క వాటా అడుగుతున్నాను. అది కూడా పెట్టవా? పరాయిదాన్నయిపోయానా నీకు?"

మంగతాయారు గారు ఆడపడుచు మొహం చూసింది. చివరికి దుప్పట్లోంచి చెయ్యి బయటికి వచ్చింది.

"సుభకి మాత్రం వద్దు," అంది.

"నాకు కట్టకపోతే నేనిక్కడే రోడ్డు మీద కూర్చుంటాను. బండి నా మీంచి పోనివ్వండి," అంది నలభై ఏళ్ళ సుభాషిణి, నిజంగానే బండి దిగబోతూ. తల్లి "మొండిపీనుగ" అని మురిపెంగా తిట్టుకుని కళ్ళు మూసుకుంది.

పసుపు పట్టీ అసలు మనిషి చేతికి కట్టాను. ఈసారి పరదా వెయ్యలేదు. మీట నొక్కాను.

ఎవరూ అరవలేదు. అరవడానికి ఊపిరి ఉండాలి కదా. మేనల్లుడు రెండు చేతులతో సీటు పట్టుకుని ముందుకు వంగిపోయాడు. తోటికోడలు గోడకి ఆనుకుంది. వీరలక్ష్మి గారి మొహంలో రంగు పోయింది.

"డాక్టరమ్మా," అంది ఎప్పటికో. "ఇది తొమ్మిదో వంతే కదా?"

అవునన్నాను.

సుభాషిణి నడుం పట్టుకుని తల్లి వైపే చూస్తోంది. వెన్ను ఇలా గుల్లబారడం నాలుగైదేళ్ళుగా జరుగుతూ ఉండాలని డాక్టర్లు ఆమెకి ముందే చెప్పారు. "అమ్మా, మొన్న మా వాడి పుట్టినరోజుకి అంతమందికీ గారెలు వండావు. ఈ నొప్పితోనేనా?"

"పడకముందు ఇంత లేదులేవే. సగమే," అంది మంగతాయారు గారు ఊరడింపుగా.

అబ్బులు గారు కర్ర వెతుక్కుని కుంటుకుంటూ నా ముందుకొచ్చి చెయ్యి చాపాడు. "నాక్కూడా కట్టమ్మా. నా మోకాలు ఊరందరూ మోశారు." వయసు గురించి చెప్పబోయాను. ఆయన చూపు చూసి నోరు మూసుకుని కట్టాను. ఆయన నిలుచున్నవాడు మెల్లగా కూర్చున్నాడు. భార్య తల మీద చెయ్యి వేశాడు.

"మంగా... ఇంత నొప్పి పెట్టుకుని, రోజూ రాత్రి నా మోకాలికి కాపడం పెట్టావా?"

"మీరు గోల పెడతారు కదండీ. నేను పెట్టను. అంతే తేడా," అంది ఆవిడ. అంది గాని, ఆవిడ కంటి కొస నుంచి నీళ్ళు చెవిలోకి జారుతున్నాయి.

పది వంతులైనా రక్తపోటు అనుకున్నంత దిగలేదు. నేను పరికరం చూసి పెదవి విరవగానే బొలెరోలోంచి ఒకాయన, "మాకెందుకు కట్టరండి? మేమేం పాపం చేశాం?" అన్నాడు. పట్టీల సంకేతం అంత దూరం అందుతుంది. విడి పట్టీలు పెట్టెడు ఉన్నాయి. ఎనిమిదని గిరి గీసింది మేమే, అంతకంటే ఎక్కువమంది వస్తారని మాకు ఊహలో కూడా తట్టక. ఫణి లడ్డూల పళ్ళెం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ప్రయోగశాల నుంచే ఆ గిరి చెరిపేశాడు. నేను పట్టీలు పట్టుకుని బొలెరో చుట్టూ, వ్యాను చుట్టూ తిరిగాను. చేతులు కిటికీల్లోంచి బయటికొచ్చాయి.

ఆ తర్వాతి ప్రయాణం నేను బతికినంతకాలం మరచిపోను. ముందు మా బండి, దాని తోకలా బొలెరో, దాని తోకలా వ్యాను. ఏలూరు దగ్గర మంగతాయారు గారి పుట్టింటివాళ్ళు ఎదురొచ్చి హైవే పక్కన ఆటోలు ఆపుకుని నిలబడ్డారు. ఫోన్లు ముందే వెళ్ళిపోయాయి. "మాకు కట్టకుండా ఎలా వెళ్తారండీ, ఆడబిడ్డని మీకిచ్చినవాళ్ళం," అని అలిగారు. వాళ్ళదొక కారు తోడైంది. బెజవాడలో ఇంకోటి. ప్రతి ఊళ్ళోనూ పట్టీ కట్టగానే ముందు నడుం పట్టుకుని "అమ్మో" అనడం, వెంటనే పాతవాళ్ళు "చూశావా, తగ్గింది మాకు!" అని సంబరపడటం. కొత్తవాళ్ళు చేరినకొద్దీ అందరి నడుములూ తేలికవుతున్నాయి. తెర మీద ఆవిడ గీత కిందికి దిగుతోంది, నిజంగా ఆవిడదే.

నందిగామ దాటాక బండిలో సన్నగా గురక వినిపించింది. మంగతాయారు గారు పడ్డాక ఇదే మొదటి నిద్రట. ఆవిడ లేస్తుందని ముప్ఫై మందికి పైగా మనుషులు సైగలతో పోట్లాడుకుంటూ వచ్చారు. వీరలక్ష్మి గారు సైగలతో కూడా గట్టిగానే మాట్లాడుతుంది.

కొలిచేవాళ్ళు మోయకూడదని మా ప్రయోగశాలలో ఒక నియమం ఉంది. పెట్టింది నేనే. సూర్యాపేట దగ్గర ఆ నియమాన్ని పక్కన పెట్టి ఒక ఆకుపచ్చ పట్టీ కట్టుకున్నాను. నడుం అడుగున బరువుగా, గరగరలాడుతూ ఒక నొప్పి వచ్చి కూర్చుంది. పెద్దదేం కాదు, ఇంతమంది చేతులు పడ్డాక ఇంకెంత మిగులుతుంది? నాకు ఏడుపొచ్చింది. అంత సంతోషం అంతకుముందు ఎప్పుడూ కలగలేదు.

సాయంత్రానికి ఆసుపత్రి చేరాం. గేటు దగ్గర సెక్యూరిటీ అతను మా ఊరేగింపుని చూసి, "పేషెంట్‌తోని ఒక్కరే అమ్మా," అన్నాడు. "అలాగేనండి," అన్నారందరూ. పార్కింగులో దుప్పట్లు పరుచుకున్నారు. సర్జన్ వచ్చి రక్తపోటు రెండుసార్లు చూసింది. "రాజోలు నుంచా? రోడ్డు మీదా?" అని నన్నడిగి, పొద్దున్నే మొదటి కేసుగా పెట్టింది. మత్తు ఎక్కేదాకా, తర్వాత మత్తు దిగేటప్పుడూ పట్టీ ఉండనివ్వమని అడిగితే నా మొహం చూసి ఒప్పుకుంది.

ఉదయం నేనూ పార్కింగులోనే ఉన్నాను. అందరం చేతికి పట్టీలతో కూర్చున్నాం. ఉన్నట్టుండి నా నడుంలో నొప్పి పలచబడింది. చుట్టూ చూశాను. అందరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు. మెల్లమెల్లగా తగ్గి, పూర్తిగా పోయింది. "మత్తెక్కింది," అన్నాను.

హాయిగా ఉండాల్సింది. ఎవరికీ హాయిగా లేదు. నిన్నటి నుంచి ఆ నొప్పి ఉన్నంతసేపూ ఆవిడ ఉన్నట్టు తెలిసేది. ఇప్పుడు నడుముల్లో ఏమీ లేదు. ఆపరేషన్ అయ్యేదాకా పసుపు పట్టీ తీసి ఉంచుతారు కనుక తెర మీద గీత కూడా లేదు. మత్తులో ఉన్న మనిషికీ, అసలు లేని మనిషికీ మా పట్టీకి తేడా తెలియదు. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. అబ్బులు గారికి ఎలాగో తెలిసిపోయినట్టుంది. పట్టీ కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, తన మోకాలి మాటే ఎత్తకుండా, ఆసుపత్రి గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. టీ తెచ్చిన కుర్రాడు ఒక్క కప్పు కూడా ఖాళీ అవ్వకుండానే తిరిగి వెళ్ళాడు. ఎండ మా దుప్పట్ల మీదికి వచ్చింది. అనుకున్న వేళ దాటిపోయింది.

"అబ్బా!" అన్నాడు అబ్బులు గారు.

ఆయన లేచి నిలబడ్డాడు. అదే క్షణంలో నా నడుం మీద చురుక్కుమంది. లోపలి బరువు లేదు, గరగర లేదు. పైపైన, తోలు మీద, కొత్తగా వేసిన కుట్టు లాగినట్టు సన్నటి మంట.

"వచ్చింది," అన్నాడు ఆయన. "మంగ నొప్పి వచ్చిందిరా!"

పార్కింగు అంతా లేచింది. "నాకూ వచ్చింది!" "నాకూ! కుట్టు నొప్పే!" "పాతది పోయిందండోయ్!" సుభాషిణి నడుం పట్టుకుని నవ్వుతూ ఏడుస్తూ గిరగిరా తిరిగింది. మేనల్లుళ్ళు అబ్బులు గారిని ఎత్తేశారు. నొప్పి వచ్చిందని గంతులేసే జనాన్ని ఎన్నడూ చూడని సెక్యూరిటీ అతను ఈల ఊదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. వీరలక్ష్మి గారు అతణ్ణి ఎదురెళ్ళి కావలించుకుంది. ఫోనులో ఫణి ఏదో అరుస్తున్నాడు. నేనూ అరుస్తున్నాను.

ఆపరేషన్ బాగా జరిగిందని, వెన్నుపూస కుదిరిందని, గుండె ఢోకా లేకుండా నిలబడిందని చెప్పడానికి సర్జన్ మాస్కు తీస్తూ బయటికి వచ్చింది. ఆ గోల చూసి మెట్ల మీదే ఆగిపోయింది.

"నేనింకా ఏమీ చెప్పలేదు. మీకెవరు చెప్పారు?" అంది ఆశ్చర్యంగా.

"మా వదినే చెప్పిందండి," అంది వీరలక్ష్మి గారు, నడుం మీంచి చెయ్యి తియ్యకుండా.